వెనక సీటులో ఎడమ మూల

మా అత్త మొన్న సోమవారం పొద్దున పోయింది. ఎక్కడ పోయిందో చివర్లో చెప్తాను. అది చెప్పాలంటే ముందు ఆమె కారు గురించి చెప్పాలి. పరామర్శకు వచ్చిన చుట్టాలంతా ఆమెను దేవత అన్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆమెతో ఒక్క నెలైనా కలిసి ఉన్నవాళ్ళు కాదు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నేను జరిగింది చెప్తాను, అందులో మంచి ఎంత ఉంటే అంతే వస్తుంది.

డెబ్బైల మొదట్లో నేను హనుమకొండలో ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మామ లేడు, కారు ఉంది. భూములు పోగొట్టుకున్న ఒక దొర అమ్మకానికి పెడితే మా మామ మోజుపడి కొన్న విదేశీ కారు. పడవంత పొడుగు, తోలు సీట్లు, క్లచ్ లేదు, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. కొన్న కొన్నాళ్ళకే ఆయన పోయాడు. అమ్మేయమని అందరూ చెప్పారు. మా అత్త వినలేదు, పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పడం మొదలుపెట్టింది. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. ఈ ఏనుగు బతికి ఉండి మా వెయ్యీ మింగింది. పెట్రోలు ధర మండిపోతున్న రోజులు. రబ్బరు సామాను బొంబాయి నుంచి రావాలి, టైర్ల కోసం హైదరాబాదంతా తిరగాలి. మా ఆయన గుమాస్తా జీతంతో బియ్యం, ఉప్పు, పప్పు వచ్చేవి. కారు తెచ్చిందంతా మళ్ళీ కారుకే పోయేది. పండక్కి నాకొక చీర అంటే, "బ్రేకులు చూపియ్యాలె" అనేది.

అన్నిటికంటే ఎక్కువ భక్తి గేరు నూనె మీద. ఎర్రగా షర్బతులా ఉండే ఆ నూనె మా దగ్గర దొరకదు, పట్నం నుంచి డబ్బాల్లో తెప్పించాలి. ఆ డబ్బాలు దేవుడి గదిలో ఉండేవి, దీపం నూనె పక్కన. ప్రతి శుక్రవారం పూజయ్యాక ఇంజిను స్టార్టు చేయించి, అది బాగా వేడెక్కాక, గేర్‌బాక్సులో నూనె కొలిచే కడ్డీ లాగి, మామ పాత ధోవతి పీలిక మీద తుడిచి వాసన చూసేది. ఎర్రగా ఉంటే ఆ రోజు ఇంట్లో తిట్లు తక్కువ. నల్లబడి మాడు వాసన కొడితే ఆమె దారిలోకి ఎవరూ వెళ్ళకూడదు. "మనిషి అబద్ధం ఆడ్తడు, నూనె ఆడదు" అనేది. నా మొహం చూస్తూ అనేది.

కిరాయి ఎక్కడికైనా ఆమె కూడా బయల్దేరేది. వెనక సీటులో ఎడమ మూల ఆమెది. పెళ్ళికొడుకు కుడి మూలన సర్దుకోవాలి. విధవ పక్కన వరుణ్ణి కూచోబెట్టడమేమిటని చాలామంది గొణిగారు. ఒకాయన మొహం మీదే అన్నాడు.

"కారు సుత ముండమోసిందే గదా, దీన్ల ఎక్కుతాన్రు గదా. నేను ఎక్కితె ఏమైతది?" అని అడిగింది మా అత్త.

ఆయన పెళ్ళికొడుకును తెచ్చి కుడి మూలన ఎక్కించాడు. ఊళ్ళో అలాంటి కారు ఇంకోటి లేదు కూడా. ఆమె మీద నాకు ఎంత కోపం ఉన్నా ఆ మాట మాత్రం అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది.

ఆమె నోటికి జడిసి డ్రైవరు మానేశాడు. మా ఆయనకు సైకిలెక్కాలంటేనే చెమటలు పడతాయి. ఇక మిగిలింది నేను.

"క్లచ్ లేదు, గేరు లేదు. తొక్కుడే. రోట్ల పప్పు రుబ్బుడు కన్న అల్కగుంటది" అంది.

నేను భయపడలేదు, బేరం పెట్టాను. డిగ్రీ చదివి వచ్చిన నాకు టీచరు ట్రైనింగు చేయాలని ఉండేది. కాలేజీ మా ఇంటికి నడిచిపోయే దూరంలోనే ఉంది.

"నడుపుత అత్తమ్మా. నా కాలేజి ఫీజు కడ్తరా?"

"ఈ పెండ్లిళ్ళ కాలం నడుపు. వచ్చిన దాంట్లకెల్లి కడ్త."

మాట మీద నిలబడే మనిషని ఆమెకు పేరు. నమ్మాను.

మా ఇల్లు సందు చివర. అక్కడ కారు తిప్పుకునే జాగా లేదు, రోడ్డు మీది నుంచి రివర్సులోనే రావాలి. ఒకపక్క మోరీ కాలువ, ఒకపక్క పక్కింటివాళ్ళ గోడ. నేను మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూస్తూ నడిపేదాన్ని. ఆమె కూడా మెడ తిప్పి అదే అద్దంలోంచి చూసేది, కాబట్టి నాకు సందు కన్నా ముందు ఆమె నెరిసిన కొప్పు కనిపించేది. "జర ఎడమకు... ఎడమకు... బస్, సీద" అని ఆ కొప్పు అవతలి నుంచి గొంతు వచ్చేది. కొత్తలో ఒకసారి బంపరు గోడకు గీసుకుంది. "నీకు నడపరాదు" అంది అందరూ వినేలా. ఆ మాట మళ్ళీ వినడం ఇష్టం లేక ఇంకెప్పుడూ గోడకు తగలనివ్వలేదు. రివర్సులో నాకు చెయ్యి తిరిగిందంటే ఆ కక్షే కారణం.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజకు కారు కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, గేరు నూనె మొత్తం తీసేసి కొత్తది పోయమంది. మేస్త్రీ కారు కింది నుంచి తల బయటపెట్టాడు.

"అమ్మా, జర ఆగుండ్రి. ముసలి గేర్‌బాక్సు. పాత నూనెల ఉన్న మడ్డితోనే పట్టుకొని నడుస్తాంది. మొత్తం తీస్తె పట్టు ఇడుస్తది. కొద్దిగ తీసి కొద్దిగ పోద్దాం."

"దసరకు పసిపోరనికి సుత కొత్త బట్ట పెడ్తం. దీనికి పాత నూనెనా?"

"మీ ఇష్టం అమ్మా. ఫికర్ నాకెందుకు."

డబ్బాలన్నీ ఖాళీ అయ్యాయి. కడ్డీ మీద కొత్త నూనె ఎర్రగా మెరుస్తుంటే ఆమె దాన్ని వీధిలో వాళ్ళకు కూడా చూపించింది. నిజం చెప్పాలంటే ఆమె అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ రోజే.

తర్వాతి ముహూర్తాల్లో స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఒక పల్లెకు పెళ్ళికొడుకును తీసుకుపోతున్నాం. ఊరు ఇంకా కాస్త ఉందనగా మిట్ట మీద కారు మొరాయించింది. తొక్కితే ఇంజిను అరుస్తుంది, బండి కదలదు. నేను రివర్సు వేసి చూశాను. గట్టిగా పట్టుకుని కదిలింది. ముందుకు పోదు, వెనక్కి మాత్రం పోతుంది. బండ్లు కట్టించి తెచ్చేంత సమయం లేదు. ఏం చేయాలో నాకు తోచింది, అత్త మొహం చూశాను. ఆమెకూ అదే తోచింది. కారును జనం చేత తోయించి అడ్డంగా తిప్పి, దాని వెనక భాగాన్ని ఊరి వైపు పెట్టించాం.

పెళ్ళికొడుకు మేనమామ అడ్డం వచ్చాడు. "పెండ్లికొడుకు ఎనుకకు పోతడా? అపశకునం కాదా?"

"పొయ్యేది ముందటికే. మొఖమే ఇటున్నది" అంది మా అత్త. "ముహూర్తం దాటినంక సక్కగ పోయి ఏం జేస్తవు?"

బ్యాండువాళ్ళు డిక్కీ ముందు వరస కట్టారు. నేను మెడ తిప్పి కూచున్నాను. ఒకపక్క పెళ్ళికొడుకు బాసికం, ఒకపక్క మా అత్త కొప్పు, మధ్యలోంచి దారి. ఎడ్లబండ్లను తప్పిస్తూ, పిల్లలు కేకలేస్తూ పక్కన పరుగెత్తుతుంటే, "ఎడమకు... బస్... సీద" అన్న మాట పట్టుకుని పందిరి దాకా వెళ్ళాను. ఎక్కడా ఒక్క గీత పడలేదు. ముహూర్తం దాటలేదు. దిగేసరికి మెడ పట్టేసింది, కానీ ఇన్నేళ్ళలో అంత గర్వం నాకు మళ్ళీ కలగలేదు.

పెళ్ళిపెద్దలు చుట్టూ చేరి కారుకు ఏమైందని అడిగారు. మా అత్త నా వైపు చెయ్యి చూపించింది.

"దానికి నడపరాదు. గేర్‌బాక్సు కరాబు చేసింది."

అందరూ నన్ను చూశారు. నూనె మాట ఆమె ఎత్తలేదు. పెద్దమనిషిని పదిమందిలో కాదనడం నాకు చేతకాలేదు. రిపేరుకు గేర్‌బాక్సును విప్పి పట్నం పంపితే, నేను ఆ కాలమంతా నడిపి తెచ్చిన డబ్బు దాని వెంటే వెళ్ళింది. కాలేజీలో చేరే గడువు దాటిపోయింది. చెడగొట్టినవాళ్ళే నష్టం భరించాలని ఆమె మా ఆయనతో అంటుంటే వంటింట్లో విన్నాను. ఆ రోజు ఆమెను అసహ్యించుకున్నాను. ఆ అసహ్యం పూర్తిగా పోయిందని ఇప్పుడు కూడా చెప్పలేను.

మరుసటి ఏడు పెళ్ళివాళ్ళు వాకిట్లో నిలబడి ఉండగా నేను తాళంచెవి కొంగున ముడేసుకుని కూచున్నాను.

"ముందు ఫీజు కట్టి రాండ్రి అత్తమ్మా. అటెన్క తాళంచెవి."

"ఇగ నీకు నోరొచ్చింది" అంది. మా ఆయన్ని పంపి ఫీజు కట్టించింది. అలా మాట్లాడటం నాకు పుట్టింట్లో ఎవరూ నేర్పలేదు. ఆమె వెనక సీటులో కూచుని ఊళ్ళోవాళ్ళతో మాట్లాడేది వినీ వినీ వచ్చింది. నేనివాళ పిల్లల ముందు టీచరుగా నిలబడుతున్నానంటే అందులో ఆమె పాలు ఉంది. ఒప్పుకోవడానికి నాకు కష్టంగానే ఉంది.

ఆ తర్వాత ఏ దసరాకూ నూనె మొత్తం తీయించలేదు. మేస్త్రీ చేత కొద్దిగా తీయించి, కొద్దిగా పోయించేది. ఒకసారి అడిగాను.

"మొత్తం ఎందుకు మారుస్తలేరు అత్తమ్మా?"

"ఖర్చు" అంది.

ఖర్చు కాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. తప్పు నూనెది, నాది కాదు అని ఒక్కసారి అంటుందేమోనని ఇన్నేళ్ళు కాచుకుని కూచున్నాను. కిరాయిలు ఆగిపోయి, ఎనభైల్లో కారు షెడ్డుకే పరిమితమైనా శుక్రవారం కడ్డీ తీయడం ఆపలేదు. చూపు మందగించాక నా చేత తీయించి, పీలిక ముక్కు దగ్గర పెట్టుకునేది.

సోమవారం పొద్దున దవాఖానలో ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆటోలో రానంది, కారే తెమ్మంది. మా ఆయన మందుల సంచితో ముందు సీటులో కూచున్నాడు. ఆమె వెనక ఎడమ మూల దిండ్లకు ఆనుకుంది. పక్కన ఎవ్వరూ వద్దంది. చౌరస్తా దగ్గర గొంతు వినిపించింది.

"శుక్రారం నూనె చూసినవా?"

"చూసిన అత్తమ్మా."

"రంగు?"

"ఎర్రగనే ఉన్నది."

నల్లగా ఉంది. "ఊఁ" అంది. నమ్మలేదని ఆ ఊఁలోనే తెలిసింది.

సందు మొదట్లో ఆపి, రివర్సు వేసి, మెడ తిప్పాను. కొప్పు కనిపించలేదు. ఆమె మొహం నా వైపే ఉంది. అలసిపోయి తిరగలేదనుకున్నాను. ఎడమకు అన్న మాట కోసం చెవి అటే వేసి మెల్లగా పోనిచ్చాను. సందు సగం దాటినా ఆ మాట రాలేదు. బంపరు గోడకు తగిలి, గీసుకుంటూ ఆగింది. మా ఆయన ఉలిక్కిపడ్డాడు. నేను ఇంజిను కూడా ఆపకుండా అలాగే మెడ తిప్పి, నీకు నడపరాదు అంటుందేమోనని ఆమె పెదాల వైపు చూస్తూ కూచున్నాను.