కిటికీకి తడితెర

బస్సులు మలుపు తిరిగే కూడలి పైన, రెండో అంతస్తు గదిలో ఉంటుంది కుట్టుపని చేసే ఆవిడ. మనవరాలికి ఆయాసం మొదలైన నాటి నుంచి కిటికీకి తడితెర కడుతోంది. మిగిలిన లైనింగు ముక్కలను నాలుగు పొరలుగా పేర్చి, తనే ఒత్తుగా కుట్టిన తెర అది. సాయంత్రం బకెట్లో జాడిస్తే నీళ్ళు కాటుకలా నల్లబడతాయి.

"చూశారా, ఎంత దుమ్ము పట్టానో!" అని మురిసిపోయేది.

"రోడ్డంతా నువ్వే ఉతికేస్తున్నావే!" అని భర్త నవ్వేవాడు.

ఇవాళ పిల్లను చూపించడానికి వెళ్ళి, డాక్టరమ్మకూ ఆ తెర గురించి గొప్పగా చెప్పింది.

"గుడ్డకు చిక్కేది ముతక దుమ్మేనమ్మా. పాప ఊపిరితిత్తుల్లోకి పోయేది అంతకంటే చాలా సన్నం. అది ఏ నేతలోంచైనా దూరిపోతుంది."

"ఇంకో నాలుగు పొరలు వేస్తేనో?"

"అప్పుడు గాలి కూడా రాదు కదమ్మా."

ఇంటికొచ్చాక ఆవిడ తెర విప్పి, తన దగ్గరున్న సూదుల్లోకెల్లా సన్నని సూది బెజ్జాన్ని కంటికి ఆనించి కిటికీ వైపు చూసింది. ఆ బెజ్జంలోంచి కూడలి అంతా కనిపించింది, పొగ వదులుతూ తిరుగుతున్న బస్సుతో సహా. వెనక మంచం మీద పిల్ల ఛాతీలో పిల్లికూతలు. ఆవిడ సూదిని దారపుండకు గుచ్చి, తెరను మళ్ళీ తడిపి కట్టింది.