మామ దగ్గర తెచ్చుకున్న ప్లేట్లు

రికార్డు గొప్పదా, సీడీ గొప్పదా అని నన్నడిగితే రెండు జవాబులు చెప్పగలను. చెప్పాను కూడా. ఒకటి మా మామకు, ఇంకొకటి మిగతా లోకానికి. మామకు చెప్పింది అబద్ధం.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని పట్టుచీరలు నేస్తాడు. మగ్గం గదిలో ఒక మూల రికార్డు ప్లేయరు, దాని పక్కన గోడకు ఆనించి ముప్పై దాకా పాత పాటల రికార్డులు ఉండేవి. నాలుగేళ్ల కిందట నాకు రికార్డుల పిచ్చి కొత్తగా పట్టినప్పుడు వాటి మీద కన్ను పడింది. అడిగితే ఇచ్చేసేవాడే. అడగడానికి నాకు నామోషీ. అందుకని ఒక ఎత్తు వేశాను. అవే పాటలు సీడీల్లోకి ఎక్కించుకుని, ఒక సీడీ ప్లేయరు కూడా కొని పట్టుకెళ్లాను.

“మామా, నీ ప్లేట్లన్నీ గీతలు పడిపోయినాయి. వీటిలో ఇంకేం లేదు. సీడీ అయితే గరగర ఉండదు, గంటసేపు ఆగకుండా పాడతాది,” అన్నాను.

“నాకు బాగానే వినపడతాండాయే,” అన్నాడు మామ. మళ్లీ తనే, “నీకు తెలిసినంత నాకేం తెలుస్తాది అల్లుడా. తీసుకొనిపో, యాడన్నా పారేయ్,” అన్నాడు.

రైలు పెనుకొండలో ఆగినప్పుడు ఉండబట్టలేక సంచిలోంచి ఒక రికార్డు తీసి కిటికీ వెలుతురులో తిప్పి చూశాను. అద్దంలా ఉంది. పట్టుపోగును ముట్టుకున్నంత సుతారంగా ఇన్నేళ్లూ వాడుకున్నాడు. సిగ్గేసింది. అయినా దిగి వెనక్కి పోలేదు. హిందూపురం చేరేసరికి సిగ్గు పోయి సంబరం మిగిలింది.

అప్పటినుంచి మా ఇంటికి ఎవరొచ్చినా నా ఉపన్యాసం తప్పదు. సీడీలో పాట ఉతికి ఇస్త్రీ చేసినట్టు ఉంటుందనీ, రికార్డులో అయితే పాడే మనిషి మన గదిలోకి వచ్చి కూర్చుంటుందనీ.

పోయిన నెల మామ మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి అత్తతో కలిసి హిందూపురం వచ్చి మా ఇంట్లో దిగాడు. వాళ్లు రాకముందే రికార్డుల మీద దుప్పటి కప్పేశాను.

“ముందైతే ప్లేటు ఒక పక్క అయిపోతానే తిప్పేదానికి మగ్గం గుంటలోనుంచి లేచి వస్తాండె,” అంది అత్త. “నాలుగడుగులు వేసి, నడుము సాచుకొని, ఇన్ని నీళ్లు తాగి మళ్లీ కూర్చుంటాండె. ఇప్పుడా సీడీ గంట పాడతాది, మీ మామ గంటా లేయడు.”

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆయన మోకాళ్లు నా వల్లే పోయాయేమో అనిపించి అన్నం సహించలేదు.

ఆ సాయంత్రమే, ఎప్పుడూ పాటలకు వచ్చే నా మిత్రుడు వచ్చాడు. వస్తూనే అలవాటుగా రికార్డుల దగ్గరికి పోయి దుప్పటి లాగేశాడు. మామ వైపు తిరిగి, “మీ అల్లుడు సీడీ మాటెత్తితే కరుస్తాడు సార్. ఈ రికార్డులకు సాటే లేదంటాడు,” అన్నాడు.

మామ తన రికార్డులను గుర్తుపట్టాడు. వాటిని చూశాడు, నన్ను చూశాడు.

“చూసినావా,” అన్నాడు అత్తతో, పైనున్న రికార్డును అరచేత్తో తుడుస్తూ. “మంచివి మనకిచ్చి, గీతలు పడినవి వీడు పెట్టుకున్నాడు. మన ప్లేట్లు కదా అని పారేసేదానికి మనసొప్పలేదు. మనం చిన్నబోతామని ఇవే మంచివని అందరితో చెప్తాండాడు.”

తిట్టి ఉంటే బాగుండేది. పాటలు లేనిదే పొద్దుపోదని వెంట తెచ్చుకున్న సీడీలను సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు.

“ఇవి నువ్వు పెట్టుకో అల్లుడా. నువ్వు కూడా మంచి పాట వినాల.”

వద్దనాలంటే నిజం చెప్పాలి. చేయి చాచి, అవి కూడా తీసుకున్నాను.