కాజాలక్క బొటనవేలు

ఆ వీధిలో ఎవరిని అడిగినా కాజాలక్క ఇల్లు చూపిస్తారు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు. కోటుకైనా చొక్కాకైనా గుండీ దూరే కాజాని మిషన్ మీద కాకుండా చేత్తో కుట్టే మనిషి ఆ చుట్టుపక్కల ఆవిడొక్కతే. ఆవిడ కుట్టిన కాజా అంచుని వేలితో ఎంత తడిమినా దారం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. అంతటి పనిమంతురాలు మధ్యాహ్నం భోజనం కాగానే కొట్టు షట్టర్ సగానికి దించి, మధ్య గదిలో డబ్బా టీవీ ముందు బాసింపట్టు వేసుకుని వీడియో గేమ్ ఆడుతుందంటే కొత్తవాళ్ళు నమ్మరు. నమ్మకపోతే వాళ్ళ ఖర్మ.

ఆ గేమ్ నిజానికి మేనల్లుడి కోసం కొన్నది. వాడు దాంతో ఆడి, విసిగి, పెరిగి, పెళ్ళి చేసుకుని ఊరికి అవతలి కొసన కాపురం పెట్టాడు. గేమ్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ముందు వాటాలో కాజాలక్క, ఆవిడ కుట్టుమిషన్, కొట్టు. వెనక వాటాలో అన్నయ్య, వదిన. రెండు వాటాలకీ మధ్య గదిలో టీవీ. అలా ఆ గేమ్ వదినా మరదళ్ళ పాలబడింది.

ఉన్నది ఒకే ఒక్క క్యాసెట్. దాన్ని ఊడదీసి, అడుగున ఉఫ్‌మని ఊది, మళ్ళీ గుచ్చి, టీవీ డొక్కలో అరచేత్తో ఒకటి ఇచ్చుకుంటే బొమ్మ వచ్చేది. వచ్చిన బొమ్మ పైభాగాన కాస్త ఆకుపచ్చగా ఉండేది. అద్దం దగ్గర చెయ్యి పెడితే చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడేవి. ఆ టీవీ ఎప్పుడు ఏ మూడ్‌లో ఉందో కాజాలక్కకి దాని చప్పుడును బట్టి తెలిసిపోయేది.

ఆటలో బకెట్ పట్టుకుని పరిగెత్తే పొట్టి మనిషి ఒకడుంటాడు. వాడికి వీళ్ళు పెట్టుకున్న పేరు బుడ్డోడు. వాడి బతుకంతా గుంతలే. గేమ్ రిమోట్ మీది ఎర్ర బటన్ నొక్కితే గెంతుతాడు. సరిగ్గా గుంత అంచు మీద కాలు పడినప్పుడు నొక్కాలి. ముందే నొక్కితే గుంత నడిమధ్యలో పడతాడు, ఆలస్యంగా నొక్కితే షికారుకి వెళ్తున్నట్టు నడుచుకుంటూ వెళ్ళి పడతాడు. ఇద్దరిలో ఎవరు బుడ్డోణ్ణి తక్కువ దూరం తీసుకెళ్తారో వాళ్ళు ఆ పూట అంట్లు తోమాలి. పందెం అదే.

అంట్లు ఎప్పుడూ వదినే తోమేది. ఎందుకంటే వదినది పుట్టు తొందర. అడగని ప్రశ్నకి జవాబు చెప్పేస్తుంది. బస్సు మలుపు తిరగకముందే చెయ్యి ఊపుతుంది. పాలు పొంగకముందే స్టవ్ కట్టేసి, కాఫీ పచ్చివాసన వేస్తోందని పాలవాణ్ణి తిడుతుంది. బుడ్డోణ్ణి కూడా గుంత ఇంకా దూరంగా ఉండగానే గెంతిస్తుంది. వాడు పడతాడు. వదిన లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుని సింకు దగ్గరికి నడుస్తుంది.

“ఆ గుంత నిన్నటికంటే వెడల్పయింది,” అనేది వెళ్తూ వెళ్తూ.

“అవును వదినా, రాత్రి ఎవరో తవ్వి వెళ్ళారు,” అనేది కాజాలక్క.

అన్నయ్య ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. రిటైరైన మగవాళ్ళకి ఇంట్లో ఏదో ఒకటి మార్చకపోతే తోచదు. ఆయన కళ్ళు టీవీ మీద పడ్డాయి. ఆడవాళ్ళిద్దరూ బజారుకి వెళ్ళొచ్చేసరికి గోడకి తలుపంత కొత్త టీవీ వేలాడుతోంది. డబ్బా టీవీని వీధి చివర టీవీ మెకానిక్ పట్టుకుపోయాడు.

“ఒక్క మాట అడగాలి కదండీ,” అంది వదిన.

“అడిగితే వద్దంటారు కదా,” అన్నాడు అన్నయ్య. ఆ జవాబులో తప్పు పట్టడానికేమీ లేదు.

సీరియళ్ళు కొత్త టీవీలో దివ్యంగా వచ్చాయి. ఏడ్చేవాళ్ళ కన్నీళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. అన్నయ్యే ఎక్కడో వెతికి వైరు తెచ్చి గేమ్‌ని కూడా దానికి తగిలించాడు. బుడ్డోడు మోచేయంత అయ్యాడు, ఆకుపచ్చ మచ్చ పోయింది. కాజాలక్క ముచ్చటపడి గేమ్ రిమోట్ అందుకుంది. మొట్టమొదటి గుంతలోనే బుడ్డోడు నడుచుకుంటూ వెళ్ళి పడ్డాడు.

మళ్ళీ ఆడింది. మళ్ళీ పడ్డాడు. వదిన ఆడితే వాడు మొదటి గుంత దాటాడు, రెండోది దాటాడు, వదిన జన్మలో చూడని నిచ్చెన దాకా వెళ్ళాడు. వదినకి కాళ్ళు నేల మీద నిలవలేదు. “చూశావా? ఏదైనా ఓపిక పట్టాలి, మరదలా,” అని హితవు చెప్పింది. ఆ పూట అంట్లు కాజాలక్క తోమింది. మర్నాడూ తోమింది. ఆ తర్వాత అది రోజువారీ అయిపోయింది. వదిన కుర్చీలో కాళ్ళు చాపుకుని, “గిన్నె అడుగున మసి ఉంది, చూసుకో,” అని అక్కణ్ణుంచే పురమాయించడం కూడా నేర్చుకుంది.

మొదట్లో కాజాలక్క నవ్వేసింది. తర్వాత నవ్వు రాలేదు. బొటనవేలు పైకెత్తి చూసుకునేది. సరిగ్గా అంచు మీదే నొక్కానే, మరి వాడెందుకు పడ్డాడు? ఆ గుంతలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. గుంతలు మారలేదు. మారిందేమైనా ఉంటే తన చెయ్యే మారి ఉండాలి. కన్ను చూసింది చేతికి చేరేసరికి ఆలస్యమవుతోందన్నమాట. అలా అనుకోగానే ఆవిడకి భయం పట్టుకుంది.

ఆ భయానికి ఒక కారణం ఉంది. ఆవిడకి పని నేర్పిన మాస్టారు మహా టైలరు. ఆయన చివరి రోజుల్లో చేతులు పట్టు తప్పాయి, కాజాలు వంకర పోయేవి. గౌరవం కొద్దీ ఎవరూ నోరు విప్పలేదు. ఆయన భోజనానికి లేచినప్పుడు, అప్పట్లో కొత్తగా పనిలో చేరిన ఈవిడే ఆ కుట్లు విప్పి గబగబా మళ్ళీ కుట్టేసేది. ఆయన తిరిగొచ్చి, వాటిని మురిపెంగా తడుముకుని, “చెయ్యి ఇంకా బాగానే ఉంది కదే,” అనేవాడు. తను తలూపేది. నా పని వెనక ఇంకొకళ్ళు అలా మళ్ళీ కుట్టే గతి నాకొద్దు, అంతకుముందే మానేస్తాను అని ఆ రోజుల్లోనే ఒట్టు పెట్టుకుంది.

ఇక చూసుకోండి. ఇదివరకు సూదిలో దారం ఒక్కసారికి దూరకపోతే దారాన్ని తిట్టేది, ఇప్పుడు చేతిని తిట్టసాగింది. టీ గ్లాసు కాస్త తొణికితే చాలు, అదిగో అనుకునేది. కుట్టిన కాజాని వెలుతురులో పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసేది. కాజా బాగానే ఉండేది. ఆవిడకి నమ్మకం కుదిరేది కాదు. గుడ్డనైతే లాగి సర్దుకోవచ్చు, బుడ్డోడి దగ్గర ఆ మొహమాటాల్లేవు కదా, వాడు చెప్పిందే నిజమనుకుంది.

ఓ రోజు బ్యాండ్ మాస్టర్ వచ్చాడు. బ్యాండు వాళ్ళ ఎర్రకోట్లకి ముందువైపు రెండు వరసల గుండీలుంటాయి. వాటి కాజాలు ఎప్పుడూ కాజాలక్కే కుట్టేది. ఆయన మూట విప్పబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈసారి మిషన్ కొట్టువాడికి ఇచ్చుకోండి. నేను కుట్టలేను.”

“అదేంటక్కా? మీ చెయ్యి పడకపోతే అది మా కోటులా ఉండదు.”

“ఆ చెయ్యే సరిగ్గా లేదు. అడ్వాన్సు పుచ్చుకుని మీ కోట్లు పాడుచేసే రకాన్ని కాదు నేను. ఈ నెలాఖరుకి కొట్టు కూడా ఎత్తేస్తున్నాను.”

ఆయన మూట మళ్ళీ కట్టుకుని, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళాడు. కాజాలక్క, సూది గుచ్చుకోకుండా తొడుక్కునే అంగుస్తానాని వేలి నుంచి తీసి డబ్బాలో వేసింది. తలెత్తి చూస్తే మధ్య గది గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఆ మనిషి మాట్లాడకుండా నిలబడటం కాజాలక్క చూడటం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే ఆటకి కూర్చున్నారు. కాజాలక్కకి ఆడాలని లేదు. వదినే రిమోట్ చేతిలో పెట్టింది.

“నువ్వాడు. నేను చూస్తాను.”

“చూసేదేముంది, పడతాడు.”

“పడనీ.”

ఆడింది. పడ్డాడు. వదిన టీవీ వైపు చూడనేలేదు. మరదలి బొటనవేలి మీదికి వంగిపోయి చూస్తోంది.

“ఇంకోసారి గెంతించు. గుంత లేని చోట. ఊరికే.”

“ఎందుకూ?”

“చెప్పింది చెయ్యి.”

కాజాలక్క బటన్ నొక్కింది. టక్‌మని బటన్ చప్పుడైంది. ఆ తర్వాత రెప్పపాటు ఆగి బుడ్డోడు గెంతాడు. వదిన లేచి, ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి మొగుడి చెప్పు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. ఆ అడ్డదిడ్డపు చెప్పులు చూసి కాజాలక్కకి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది.

మర్నాడు భోజనాల వేళకి వీధిలో కలకలం. టీవీ మెకానిక్ ఒకవైపు, అన్నయ్య ఒకవైపు డబ్బా టీవీని మోసుకొస్తున్నారు. దాని వెనక భాగం ఎంత ఉంటుందో తెలిసిందే, అన్నయ్యకి ముందు దారి కనబడటం లేదు. వదిన ముందు నడుస్తూ, మలుపు రాకముందే “మలుపు, మలుపు” అని అరుస్తోంది. మెకానిక్ దాన్ని కొట్టులో స్టూలుగా వాడుకుంటున్నాట్ట, నెత్తిమీద టీ గ్లాసు మరకలున్నాయి.

“నా నడుం పోయింది. దీని కోసం నన్ను ఇంత చంపాలా?” అన్నాడు అన్నయ్య.

“అడిగితే వద్దంటారు కదండీ,” అంది వదిన.

మెకానిక్ వైరు తగిలిస్తూ నాలుగు ముక్కల్లో చెప్పాడు. “ఇది బొమ్మ రాగానే చూపించేస్తుందక్కా. ఆ కొత్త టీవీ అలా కాదు, పాత గేమ్ బొమ్మ వస్తే ముందు దాన్ని పెంచి, సర్ది, అప్పుడు చూపిస్తుంది. ఈలోగా మీ బుడ్డోడు గుంతలో ఉంటాడు.”

కాజాలక్క ఆ మాట విన్నది గానీ నమ్మలేదు. మనసులో ఆశపడటానికి కూడా భయమేసింది. క్యాసెట్ ఊదింది. గుచ్చింది. టీవీ డొక్కలో ఒకటి ఇచ్చింది. పైన ఆకుపచ్చ మచ్చతో బుడ్డోడు ప్రత్యక్షమయ్యాడు.

మొదటి గుంత వచ్చింది. అంచు. నొక్కింది. దాటాడు. రెండోది దాటాడు. నిచ్చెన ఎక్కాడు, తిరిగే చక్రాల మధ్య నుంచి దూరాడు, పెద్ద గుంతని ఒక్క గెంతులో దాటి అవతల నిలబడి బకెట్ సర్దుకున్నాడు. కాజాలక్క ఇంకా ఆడుతూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. తన చేతులు తనకి తిరిగొచ్చాయని ఆవిడకి ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి.

తర్వాత వదిన ఆడింది. మొదటి గుంత ఇంకా అంత దూరాన ఉండగానే గెంతించింది. బుడ్డోడు నడిమధ్యలో పడ్డాడు. వదిన రిమోట్ కింద పెట్టి, కుచ్చిళ్ళు దోపుకుంది.

“వదినా, ఆగు. ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?”

వదిన కాసేపు నసిగింది. “అనుమానం ఎప్పుడో వచ్చిందిలే. ఇన్నేళ్ళుగా పడుతున్న దాన్ని ఉన్నట్టుండి గెలుస్తున్నానంటే నాకైనా అనుమానం రాదా? పోనీలే, గెలుస్తున్నాం కదా అని ఊరుకున్నా.”

“నేను కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకున్నావా?”

“అంట్లు తోమాల్సొచ్చిందని మూతి ముడుచుకున్నావనుకున్నానే. చేతులు పోయాయని అనుకుంటున్నావని నాకేం తెలుసు? నిన్న బ్యాండ్ మాస్టర్‌తో అంటుంటే కదా విన్నది.” వదిన గొంతు కొంచెం తగ్గింది. “నాక్కూడా రాత్రి అన్నం సయించలేదు.”

కాజాలక్కకి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. చెంగుతో మొహం తుడుచుకుని లేచింది.

“సరేగానీ, ఆ బ్యాండ్ మాస్టర్‌కి కబురు పెట్టాలి. పాపం, మిషన్ కొట్టువాడికి ఇచ్చేశాడో ఏమో.”

“నీ బల్ల కింద చూడు,” అంది వదిన వంటింట్లోంచి.

కాజాలక్క కొట్టులోకి వెళ్ళి వంగి చూసింది. కటింగ్ బల్ల కింద ఎర్రకోట్ల మూట ఉంది. ముడి కూడా విప్పలేదు.

“ఇదెప్పుడొచ్చింది?”

“పొద్దున. టీవీ కోసం వెళ్ళేటప్పుడు దారిలో ఆయనింటికి వెళ్ళి తెచ్చేశా. మా మరదలు కుడుతుందని చెప్పా.”

“అప్పటికి టీవీ ఇంకా ఇంటికే రాలేదు. నేను ఆడనేలేదు. నేను నిజంగానే పడిపోయి ఉంటే?”

సింకులో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

“ఇన్నేళ్ళుగా నీ అంట్లు తోముతున్నాను. నీ చెయ్యేమిటో నాకు తెలీదా?”

గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. కాజాలక్క మూట విప్పి పై కోటు ఒళ్ళోకి తీసుకుంది. డబ్బాలోంచి అంగుస్తానా తీసి వేలికి తొడుక్కుంది. సూదిలో దారం మొదటిసారి దూరలేదు. ఆవిడ దారాన్ని తిట్టి, కొస తడిచేసి, మళ్ళీ ఎక్కించింది.