పచ్చబొట్టు గాజులు

2002లో నేను అమలాపురం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజర్ని. చెరువుల్లో పెంచిన రొయ్యల్ని తల తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి విదేశాలకు పంపేవాళ్లం. ఆ వలిచే పనిని పీలింగ్ అంటారు. ఐసు నీళ్లలో చేతులు పెట్టి, రోజంతా నిలబడి చెయ్యాలి. చేసేవాళ్లంతా ఆడవాళ్లే.

లోపలికెళ్లే ముందు గాజులు, స్టిక్కర్ బొట్టు, పువ్వులు అన్నీ తీసెయ్యాలి. రొయ్యల్లో గాజుముక్క దొరికిందంటే సరుకంతా వెనక్కి వచ్చేస్తుంది. గేటు దగ్గర నిలబడి అవన్నీ తీయించడం నా పని. ఎవరేడ్చినా కరగదని నాకు పేరు, అందుకే అప్పగించారు.

ఓడలరేవు వైపు నుంచి నాగమణి కొత్తగా చేరింది. బొట్టు స్టిక్కర్ తీసి, టోపీ కింద పాపిట్లో కుంకుమ పెట్టుకుంది గానీ గాజుల దగ్గర మొండికేసింది.

"మేడమ్‌గారండీ, మా ఆయన సముద్రం మీద ఏటకెళ్లేరండి. ఆయన ఒడ్డుకొచ్చేదాకా చేతులు బోసిగా ఉంచకూడదండి."

"అయితే ఆయనొచ్చాకే రా తల్లీ," అన్నాను విసుగ్గా.

"అలాగనకండి. వల ఖాళీగా వచ్చిన రోజున పిల్లలకి గంజన్నా ఉంటాదనే కదండీ ఇక్కడికొచ్చేను."

రూలు రూలే. పంపేశాను. పంపానే గానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

ఆ వారంలోనే మళ్లీ వచ్చి చేతులు చాపింది. గాజుల్లేవు. మణికట్ల చుట్టూ ఆకుపచ్చ గీతలు! అమ్మవారి తీర్థంలో పచ్చబొట్లు పొడిచే ఆవిడ చేత రెండు చేతులకీ గాజులు పొడిపించుకుంది. చర్మం వాచిపోయి చెమ్మ కారుతోంది. పుండున్న చెయ్యి రొయ్యని తాకకూడదన్నది ఇంకో రూలు.

"ఓసి పిచ్చిమొహమా, ఎంత పని చేశావే!" అని అరిచాను. అరుస్తుంటే నాకే ఏడుపొచ్చింది.

"మళ్లీ పంపేత్తారాండీ?" అంది భయంగా.

ఈసారి పంపలేదు. మేనేజరుతో పోట్లాడి, పుండు మానేదాకా, రొయ్యని తాకక్కర్లేని అట్టపెట్టెలు మడిచే పనిలో పెట్టించాను. అక్కడ కూలి తక్కువే, అయినా ఇంట్లో పొయ్యి వెలిగింది. చేతులు మానాక పీలింగ్‌కి వచ్చింది.

ఒకసారి కొనేవాళ్ల తరఫున తనిఖీకి వచ్చినాయన ఆ చేతులు చూసి డిజైను బాగుందన్నాడు. నాగమణికి చెప్పాను.

"ఆయ్, బావుంటే బావుందండి. ఇంక ఏ గేటు దగ్గరా వీటిని తియ్యమనలేరు కదండీ."

రొయ్యని కాపాడ్డానికి మా దగ్గర బోలెడు రూళ్లు. వలిచే మనిషి కోసం ఒక్కటీ లేదని నాకు అప్పుడే తెలిసొచ్చింది. ఆ తర్వాత ఎవరినైనా "తియ్యి" అనేముందు, "మీ ఆయన వేటకెళ్లాడా అమ్మా?" అని అడిగేదాన్ని. వెళ్లాడంటే గాజులతోనే అట్టపెట్టెల దగ్గరికి పంపేదాన్ని.