లెక్కలు ఆయనవి, రక్తం మనది

మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు కూర్మన్నపాలెం ప్రెసిడెంట్ గారు చనిపోయారు. గుండెపోటు. వయసు అరవై రెండు. విశాఖ ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటర్‌గా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యారు. ఒక సినిమా హీరో అభిమాన సంఘానికి ముప్పై ఏళ్లకు పైగా అధ్యక్షుడు. బుధవారం మా పత్రిక జిల్లా పేజీలో ఈ వార్త నాలుగు వాక్యాల్లో వచ్చింది. రాసింది నేనే. ఆ నాలుగింటిలో పట్టనివి ఇక్కడ చెబుతాను.

ఆయన్ను పేరు పెట్టి పిలిచినవారిని నేను చూడలేదు. ఇంటికి ఫోన్ చేస్తే ఆయన భార్య కూడా "ప్రెసిడెంట్ గారు డ్యూటీకెళ్లారండి" అనేవారు. అందుకే ఇక్కడా ఆయన ప్రెసిడెంట్ గారే.

అభిమాన సంఘాల మీద నాకు గౌరవం ఉండేది కాదు. మొదటిసారి ఆయన్ను చూసింది గాజువాకలో ఒక థియేటర్ ముందు. కుర్రాళ్లు కటౌట్ ఎక్కి పాలు పోస్తున్నారు. ఈయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. మీరు పొయ్యరా అని అడిగాను.

"మావాళ్లు పోస్తారండి. నేను నిచ్చెన పడతాను. ఎవడైనా జారి పడ్డాడనుకోండి, రక్తం మళ్లీ నేనే తేవాలి కదండీ" అన్నారు. వెంటనే, "ఇంతకీ మీ గ్రూపేంటండి?"

బి పాజిటివ్ అని చెప్పాను. ఆ రోజు నుంచి నేను "బి పాజిటివ్ గారు" అయిపోయాను. ఆయనకు జనం పేర్లు గుర్తుండేవి కావు, గ్రూపులు గుర్తుండేవి. బజార్లో "ఓ నెగెటివ్ గారూ, బావున్నారా" అని కేకేస్తే ఎక్కడో కూరగాయలు ఏరుతున్న మనిషి తలెత్తి చూసేవాడు. తణుకు వైపు నుంచి ఇరవై ఏళ్ల వయసులో ఉద్యోగానికి వచ్చారు. ఇక్కడి బావ పిలుపు పట్టుబడింది గాని, అక్కడి "అండి" పోలేదు. కోపం వస్తే "అండి" ఇంకా ఎక్కువయ్యేది.

ఆ హీరో పుట్టినరోజు మే నెలలో వస్తుంది. సంఘం ఏటా ఆ రోజు రక్తదాన శిబిరం పెట్టేది. మే అంటే కాలేజీలకు సెలవులు. రక్తం ఇచ్చే విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోతారు. బ్లడ్ బ్యాంకుల్లో నిల్వ పడిపోయే నెల అది. ఈ ఒక్క శిబిరం మీద చాలామంది ఆధారపడతారని మామూలుగా ఎవరికీ తెలియదు. ప్రెసిడెంట్ గారికి తెలుసు. ప్లాంటులో ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో ముందే కనుక్కునేవారు. రాత్రి షిఫ్టు దిగివచ్చినవారిని ఇంటికి పంపేసేవారు. మిగిలినవారికి ముందు ఉప్మా పెట్టేవారు. "ఖాళీ కడుపుతో మంచం ఎక్కితే దింపేస్తానండి. మొహమాటం లేదు" అనేవారు. దింపిన సందర్భాలూ ఉన్నాయి.

నాలుగేళ్ల కిందట మే నెల మొదట్లో, హైదరాబాదులో ఆ హీరో ఇంట్లో ఆదాయపు పన్ను అధికారులు సోదాలు చేశారు. ఆదాయం దాచి పన్ను ఎగవేశాడని ఆరోపణ. టీవీల్లో మూడు రోజులు అదే గేటు, అదే కార్లు. విశాఖ జనం ఏమనుకుంటున్నారో రాసుకురమ్మని డెస్క్ నన్ను పంపింది.

కూర్మన్నపాలెం జంక్షన్ టీ కొట్టు దగ్గర ఒక ప్లాంటు ఉద్యోగి గ్లాసు బల్ల మీద కొట్టి మరీ చెప్పాడు. "మన జీతం మన చేతికి రాకముందే కోసేస్తారు. పైసా దాచడానికి నేదు. ఆయనగారి దగ్గర మాత్రం ఇంటికెళ్లి గేటు కొట్టి అడగాలా?" పక్కనున్న ఆటో డ్రైవర్ నవ్వాడు. "ఈ వారం ఈయన సార్. వచ్చే వారం ఇంకో ఈరో. మనకి టీవీలో టైంపాస్." సబ్బవరంలో ఒక రైతు ఇదంతా రాజకీయమేనని, ఆయన ఎన్నికల్లో నిలబడకుండా భయపెడుతున్నారని తేల్చేశాడు. సంఘంలో ఒక కుర్రాడు టీవీ చానల్ దిష్టిబొమ్మ తగలబెడతామని, ఫొటో తీయడానికి రమ్మని పిలిచాడు. ఈయనకు పోటీగా ఉన్న అవతలి హీరో అభిమానులు అప్పటికే ఫోన్లలో బొమ్మలు పంచేస్తున్నారు. హీరో ముఖానికి దొంగ ముసుగు.

ఆ రోజు ఇరవై మందిదాకా అడిగాను. అందరికీ తీర్పు తెలుసు. ఇంకా తేలలేదు కదా అన్నవారు ఒక్కరే.

"సోదా అయింది. నోటీసు వస్తుంది. ఆయన జవాబు చెప్పుకుంటాడు. ఎగ్గొట్టాడని తేలితే కట్టాలి, శిక్ష పడితే పడాలి. మా సంఘం అడ్డం రాదండి. ఇలాగే రాసుకోండి" అన్నారు ప్రెసిడెంట్ గారు. దిష్టిబొమ్మకు తెచ్చిన గడ్డిని ఆ సాయంత్రమే ఎవరి గేదెలకో పంపించేశారని తర్వాత తెలిసింది.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. రెండు రోజుల తర్వాత జంక్షన్‌లో శిబిరం ఫ్లెక్సీని ఎవరో చింపేశారు. సంఘంలో ఒకతను "ఇంకేం క్యాంపు సార్, ఎవరొస్తారు?" అన్నాడు. ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేశాను. ఆయన క్రేన్ మీద ఉన్నారు, ఫోన్ లాకర్లో ఉంది. రాత్రి పది దాకా ఆగితే షిఫ్టు దిగేవారు. నేను ఆగలేదు. "అభిమానుల రక్తదాన శిబిరం రద్దు" అని రాసి పంపేశాను. ఎవరూ రద్దు చేయని శిబిరాన్ని నేను రద్దు చేశాను.

మర్నాడు పొద్దున్నే ప్రెసిడెంట్ గారి ఇంటి ముందు ఒకామె వచ్చి కూర్చుంది. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంలో చేపలు కొని, బస్సులో తెచ్చి కూర్మన్నపాలెంలో అమ్ముకునే మనిషి. ఆమె కూతురికి అప్పుడు పదిహేనేళ్లు. తలసేమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఎండాకాలంలో ఉండే బోట్ల వేట నిషేధం రెండు నెలలూ ఆమె ఎండుచేపలు అమ్మేది. ఆ రోజు బుట్ట తేలేదు, పేపరు తెచ్చింది.

"పెసిడెంటు బాబూ, పేపర్లో ఏసీసినారంట గదా, ఈ ఏడు రగతం ఇవ్వరంట. మా పిల్లకి వచ్చే వారమే ఎక్కించాల. ఇప్పుడే సూసుకోండి అంతన్నారు ఆసుపత్రిలో. ఏటి సెయ్యమంటావు?"

పదకొండింటికల్లా ఇద్దరూ మా ఆఫీసులో ఉన్నారు. ఆయన గొంతు పెంచలేదు. "బి పాజిటివ్ గారూ, మీరు రాసిన దాంట్లో ఒక్కటే తప్పండి. శిబిరం ఉంది. మిగతాదంతా కరెక్టే" అన్నారు. ఆమె మాత్రం నావైపు చూసి, "రాసీముందు ఒక్కసారి అడగాల కదా బాబూ" అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంతకన్నా మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. సవరణ మూలన వేయకుండా, తప్పు వేసిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో వేయించాను.

సవరణ పడినంత మాత్రాన జనం వస్తారా? ఆయన ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఏటా వచ్చేవాళ్లు తప్పుకుంటున్నారు. తోటి ఉద్యోగి ఒకాయన ముఖం మీదే అన్నాడు. "పన్ను కట్టేవాణ్ణి నేను. కట్టనివాడి బొమ్మ కింద పడుకుని రక్తం ఇవ్వమంటారా?"

"బొమ్మ తీసేస్తానండి" అన్నారు ప్రెసిడెంట్ గారు.

ముప్పై ఏళ్లు ఆ బొమ్మ మోసిన మనిషి అన్న మాట అది. సంఘం కుర్రాళ్లు మండిపడ్డారు. మన హీరో తప్పు చేశాడని మనమే ఒప్పుకున్నట్టు కాదా అని నిలదీశారు. ఆయన ఇచ్చిన జవాబు అప్పుడే నా పుస్తకంలో రాసుకున్నాను.

"అభిమానం నాదండి. లెక్కలు ఆయనవి. రక్తం మనది. మూడింటినీ ఒకే మంచం మీద పడుకోబెట్టకండి."

కొందరు ఒప్పుకున్నారు, కొందరు లేచి వెళ్లిపోయారు. మనుషులు ఇంకా చాలలేదు. అప్పుడు చేపలామె హార్బర్ మాట ఎత్తింది. వేట నిషేధం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, మనుషులంతా ఖాళీగా ఉన్నారు అంది. చిక్కల్లా ఒకటే. హార్బర్ మొత్తం అవతలి హీరో అభిమానులు. వాళ్ల నాయకుడు ఒక మరబోటు డ్రైవర్. దొంగ ముసుగు బొమ్మ బయలుదేరింది అతని ఫోన్ నుంచే.

ముగ్గురం వెళ్లాం. జెట్టీ పక్కన పదిమంది వల పరుచుకుని చిరుగులు కుడుతున్నారు. ప్రెసిడెంట్ గారిని చూడగానే డ్రైవర్ సూది పక్కన పెట్టాడు.

"ఏటి బావా, ఇలగొచ్చీసినావు? మీ ఈరోని దాసడానికి సోటు కావాలేటి? మా బోటులో ఐసు గది కాళీగానే ఉంది."

పదిమందీ పగలబడి నవ్వారు. ప్రెసిడెంట్ గారూ నవ్వారు. "ఆయనకి చలి పడదు బావా. మనుషుల కోసం వచ్చానండి. రక్తం కావాలి" అన్నారు.

"మీ ఈరో పుట్టినరోజుకి మా రగతమా!" డ్రైవర్ తనవాళ్లవైపు తిరిగాడు. "సరే, ఒక పని సెయ్యి. మీ ఈరో దొంగ అని ఇక్కడ అందరి ముందరా అను. అందర్నీ తోలుకొత్తాను."

నవ్వులు ఆగాయి. ఆ ఒక్క మాట అనేస్తే శిబిరం నిండుతుంది. రాసుకోవడానికి నా చేతిలో పెన్ను ఉంది. ప్రెసిడెంట్ గారు వల అంచున, డ్రైవర్ ఎదురుగా కూర్చున్నారు.

"తేలితే నేనే వచ్చి అంటాను బావా. తేలకుండా అనను. రేపు మీ హీరో ఇంటికి అధికారులు వెళ్లినా అననండి. మీరు ఇవ్వనంటే ఇంకోచోట అడుక్కుంటాను."

అప్పటిదాకా వెనక నిలబడిన చేపలామె ముందుకొచ్చింది. "ఏటిరా మీ ఈరోల గోల? మా పిల్లకి ఎక్కీ సంచీ మీద ఏ ఈరో బొమ్మా ఉండదు, గ్రూపు ఒక్కటే ఉంటాది. పదేళ్లబట్టీ నీ బోటు సేపలు కొంతన్నాను. ఒక్కనాడైనా నువ్వు ఏ ఈరో మడిసివని అడిగినానా?"

డ్రైవర్ తల గోక్కున్నాడు. సూది మళ్లీ అందుకుని, వలవైపు చూస్తూ అడిగాడు. "ఎంతమంది కావాల బావా?"

"ఎంతమందైనా. మీ హీరో పుట్టినరోజు నవంబర్లో కదండీ. అప్పుడు మీరంతా సముద్రంలో ఉంటారు, మీ క్యాంపు ఎప్పుడూ పలచగానే జరుగుతుంది. ఆ రోజు మావాళ్లు వస్తారు. మాట."

"మా ఈరో బొమ్మ కింద పడుకుంతారా మీవోళ్లు?"

"నేను మొదట పడుకుంటాను."

శిబిరం రోజు కమ్యూనిటీ హాల్లో ఒక్క ఫ్లెక్సీ మీద కూడా మనిషి బొమ్మ లేదు. ఎనిమిదింటికి హార్బర్ నుంచి వ్యాను వచ్చింది, వెనకాలే ఇంకోటి. బొమ్మ కింద పడుకోనన్న ఉద్యోగి తన షిఫ్టు వాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. అలిగి వెళ్లినవాళ్లలో సగంమంది తొమ్మిదికల్లా ఉప్మా ప్లేట్లు అందిస్తూ కనిపించారు. మంచాలు చాలక పక్కింట్లోంచి నవ్వారు మంచం తెచ్చారు. డాక్టరు దాన్ని వద్దన్నారు. డ్రైవర్, ప్రెసిడెంట్ గారు పక్కపక్కన పడుకుని, రక్తం ఇస్తున్నంతసేపూ ఎవరి హీరో బాగా డాన్సు చేస్తాడో తేల్చుకోలేక కొట్టుకున్నారు. "మాట్లాడకుండా పడుకోండి, ఇద్దరూ" అని నర్సు కసురుకుంది. పదకొండున్నరకు బ్లడ్ బ్యాంకు వాళ్లు తెచ్చిన సంచులు అయిపోయాయి. కొత్తవి తేవడానికి బండి నగరంలోకి పరిగెత్తింది. అది తిరిగొచ్చేదాకా ఇద్దరు హీరోల అభిమానులు ఒకే వరసలో, మండే ఎండలో, ఎవరూ కదలకుండా నిలబడ్డారు. ఇన్నేళ్లలో నేను చూసిన గెలుపుల్లో ఎన్నికలవి ఉన్నాయి, ఆటలవి ఉన్నాయి. వాటి పక్కన ఈ వరసను పెట్టడానికి నాకు సంకోచం లేదు.

ఆ అమ్మాయికి ఆ వారం సమయానికి రక్తం అందింది. ఆ తర్వాత ఆలస్యమైందని వాళ్లమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

హీరో కేసు ఇంకా అప్పీలులోనే ఉంది, తుది తీర్పు రాలేదు. ఎగవేశాడో లేదో ఈ వాక్యం రాసే సమయానికి నాకు తెలియదు. ఆయన తర్వాతి సినిమాకు ప్రెసిడెంట్ గారు మొదటి ఆటకే వెళ్లారు. ఎలా ఉందని అడిగాను. "సినిమా యావరేజండి. కానీ టికెట్టు కొనుక్కునే చూశాను. నావైపు నుంచి పన్ను వెళ్లిపోయింది" అన్నారు.

మాట ప్రకారం నవంబర్లో ఆయన హార్బర్‌కు వెళ్లి అవతలి హీరో బొమ్మ కింద మొదటగా పడుకున్నారు. అప్పటి నుంచి ఏటా రెండు శిబిరాలు, ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు. మంగళవారం సాయంత్రం పాడె మోసిన నలుగురిలో ఇద్దరు హార్బర్ వాళ్లు. "బావ ఆ రోజు ఆ మాట అనీసుంటే నాను రగతం ఇచ్చీవోణ్ణి, మర్యాద ఇచ్చీవోణ్ణి కాదు" అన్నాడు డ్రైవర్ శ్మశానం బయట. హీరో ఆఫీసు నుంచి సంతాపం రాలేదు. అక్కడున్నవాళ్లెవరూ అడగలేదు కూడా.

ఈ ఆదివారం కూర్మన్నపాలెంలో ఆయన పేరున శిబిరం ఉంది. ఇప్పుడు వేట నడుస్తోంది. వారం కిందట సముద్రంలోకి వెళ్లిన మూడు బోట్లు చేపలు నిండకముందే వెనక్కి తిరిగాయని, శనివారం మధ్యాహ్నానికి జెట్టీ చేరతాయని డ్రైవర్ చెప్పాడు. మనుషులు రాత్రంతా పడుకుని లేచి, ఆదివారం ఉదయం ఆరున్నరకు వ్యాన్లు ఎక్కుతారు. ఏడున్నరకు ఉప్మా. చేపలామె కూతురు ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. వచ్చినవారి వేలు గుచ్చి రక్తం చూసే బల్ల దగ్గర ఆమె కూర్చుంటుంది. ఎనిమిది గంటలకు మొదటి సంచి నిండడం మొదలవుతుంది.