మా ఈశాన్యంలో గాలిమర

ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేల మధ్య ఇల్లు కొన్నప్పుడు నేను చూసుకున్నవి రెండే: తూర్పు గుమ్మం, ఖాళీ ఈశాన్యం. ఆఫీసు పని ఇంట్లోంచే కాబట్టి ఊళ్లో ఏముందో చూడాలని తోచలేదు. ఉన్నదల్లా ఒక పెట్రోలు బంకు, ఒక చర్చి, మా అమ్మాయి చదివే బడి. డబ్బు చాలక ఆ బడి మూసేస్తామన్నారు. మూస్తే ఇంకో ఊరి బడికి గంటసేపు బస్సు.

అప్పుడే గాలిమరల కంపెనీ వచ్చింది. అది కట్టే పన్నుతో బడి నిలుస్తుందని ఊరంతా సంబరపడింది. నేను మ్యాపు చూశాను. పక్కింట్లో సోయా పండించే పెద్దావిడ పొలంలో ఒక మర. సరిగ్గా మాకు ఈశాన్యంలో. షామ్‌బర్గ్‌లో ఉండే మా బావగారికి ఫోన్ చేశాను. వాస్తు ఆయన వృత్తి కాదు, వ్యసనం.

"ఈశాన్యంలో బరువా? పూలకుండీ పెట్టాలన్నా ఆలోచించాలయ్యా. వెంటనే అబ్జెక్షన్ ఫైల్ చెయ్యి."

మన జిల్లాలాంటి కౌంటీ వాళ్లు పెట్టిన విచారణలో మనిషికి మూడు నిమిషాలు. మిగతావాళ్లు పక్షుల గురించీ చప్పుడు గురించీ మాట్లాడారు. నేను అష్టదిక్కుల గురించి మాట్లాడాను. వాయుదేవుడికి వాయవ్యం ఉండగా గాలిమరను ఈశాన్యంలో నిలపడం గాలికే అవమానమని నా ఇంగ్లీషులో విన్నవించాను. ఎవరూ నవ్వలేదు. మర్యాదస్తులు. బాధ పెట్టింది అదే.

పక్కింటావిడ చెయ్యెత్తింది. "మీకు వాయవ్యంలో పెడితే, అది ఇంకొకరికి ఈశాన్యం కాదా?"

ఇన్నేళ్లలో మా బావగారికి రాని సందేహం.

వచ్చి కూర్చున్నాక పక్క కుర్చీలో ఉన్న మా అమ్మాయి నా చెవిలో అంది: "నాన్నా, బస్‌లో వన్ అవర్ కూర్చునేది నేను. నువ్వు పైజామాలో వర్క్ చేస్తావు."

లేచి, నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటానన్నాను. ఒకరికి ఒక్కసారే అవకాశమన్నారు అధ్యక్షులు. మరలకు అనుమతి వచ్చింది, బడి నిలిచింది. నా గాలిమాటలు మాత్రం కౌంటీ రికార్డుల్లో శాశ్వతంగా నిలిచాయి.

ఇప్పుడు మా అమ్మాయి పది నిమిషాల్లో బడికి చేరుతుంది. బావగారు మా ఇంటికి వస్తే ఆ వైపు కర్టెన్ వేయించి కాఫీ తాగుతారు. నేను మాత్రం పొద్దున్నే అటే చూస్తాను. మొన్న రెక్కలు ఆగి ఉంటే వెంటనే పక్కింటావిడకు ఫోన్ చేశాను.

"మర తిరగడం లేదేమండీ?"

"గాలి లేదు," అంది ఆవిడ తాపీగా. "మీ వాయవ్యంలో ఆయన్నడగండి."