నిమ్మళమన్న మాట

పెనుబల్లి దాటి అడివంచు తండాల్లో ఇరవై ఏళ్లుగా జ్వరమొస్తే ఆర్‌ఎంపీ బలరామే దిక్కు. సైకిల్ మీద వచ్చి, సూది వేసి, ఇంకో ఇంటికి పోయేవాడు. రెండువేల నాలుగు వానాకాలంలో మలేరియా ముదిరింది. అప్పుడే సర్కారు నర్సుగా సరళ వచ్చింది.

ముసలి ద్వాలిని బలరాం "ఎట్లుందవ్వా?" అని అడిగితే "జర తక్కువైంది సారూ" అనేది. ఆయనకు అది చాలేది. ఓ పొద్దున ఆమె గుడిసె ముందు సైకిల్ ఆపేసరికి లోపల ద్వాలి సరళతో అంటోంది: "నువ్వొచ్చి పోయినంక నిమ్మళమైంది బిడ్డా."

ఆ మాట ఇన్నేళ్లలో తనతో ఒక్కరూ అనలేదు. బలరాం గడప తొక్కకుండానే వెనుదిరిగి, బడిపంతులు రామ్‌చందర్ దగ్గరికి పోయాడు.

"తక్కువైంది, నిమ్మళమైంది, రెండూ ఒకటే గద సార్?"

"ఎట్లయితది? తక్కువైందంటే ఇంకా ఎంతో కొంత ఉన్నట్టే. నిర్మలమనే మాటే జనం నోట్ల నిమ్మళమైంది. బురదనీళ్లు కదపకుండ పెడితే మన్ను అడుక్కు దిగి తేటపడ్తయి చూడు, గట్ల. ఒళ్లే గాదు, మనసు గూడ కుదుటపడ్డదని."

అర్థం తెలిశాక కడుపుమంట రెట్టింపైంది. "ఆ నర్సమ్మ గోలీలకు డేట్ అయిపోయింది" అని తండాలో ఓ పుకారు వదిలాడు. ద్వాలి సగంలోనే గోలీలు మానేసింది. వారం తిరక్కుండా జ్వరం తిరగబెట్టి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితికొచ్చింది.

కబురు విన్న బలరాం ఆటో మాట్లాడి, ఆమెను తనే ఎత్తుకొని సరళ దగ్గరికి తెచ్చాడు.

"గోలీలు నేనే మాన్పిచ్చిన. డేట్ మాట అబద్ధం."

సరళ మొహం ఎర్రబడింది. "ఆ సంగతి తర్వాత. సెలైన్ పెట్టాలె, చెయ్యి కదలకుండ పట్టుకోండి."

సాయంత్రం దాకా ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. ఒక రోగి పక్కన అంతసేపు కూర్చోవడం ఆయనకదే మొదలు.

ద్వాలి బతికింది. బలరాం ఇల్లిల్లూ తిరిగి తన అబద్ధం ఒప్పుకున్నాడు. ద్వాలి కొడుకు లచ్చిరాం మాత్రం "మా ఇంటికి రాకు" అని తలుపు మూశాడు. సగం ఇళ్లవాళ్లు అట్లాగే ఆయన్ని పిలవడం మానేశారు. మిగిలిన ఇళ్లలో జ్వరమొచ్చినవాళ్లను సరళ దగ్గరికి తనే సైకిలెక్కించి తీసుకుపోయేవాడు.

అసూయ పోలేదు. "నర్సమ్మ రాలేదా?" అని ఎవరైనా అడిగితే చురుక్కుమనేది. అయినా మంచం అంచున కూర్చొని, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగి, వాళ్లు చెప్పేదంతా వినేవాడు.